అరవై రెండో రాయి

మా వంటింట్లో పెరుగు గిన్నె మూత మీద ఒక రాయి ఉండేది. అరచేతిలో పట్టేంత, నల్లగా, నున్నగా, అడుగు మాత్రం చప్పటగా. పైన ఉలితో చెక్కిన అంకెలు: 62. నేను కోడలిగా వచ్చిన మూడో రోజు ఆ రాయిని సబ్బుతో కడిగి పెరట్లో ఎండబెట్టి, మూత మీద ఇత్తడి గ్లాసు బోర్లించాను. మా అత్తమ్మ శివమ్మ చూసింది. పెరట్లోకి వెళ్లి రాయి తెచ్చి, గ్లాసు తీసేసి, దాన్ని మళ్లీ మూత మీద పెట్టింది.

"అది నా తలకాడ పెట్టే రాయి, బిడ్డా," అంది. "అప్పటిదాక పిల్లికి కావలి ఉంటది."

మెదక్‌లో క్రైస్తవులమని చెబితే ఎవరైనా "పెద్ద చర్చికేనా?" అంటారు. పెళ్లికి ముందు నేనూ అక్కడికే వెళ్లేదాన్ని. మామగారిదీ ఆ చర్చే. ఆయన సమాధి టౌన్‌లోనే, వాళ్ల అమ్మానాన్నల పక్కన ఉంది. అత్తమ్మది మాత్రం వేరు. ఎల్దుర్తి దారిలో ఆరు కిలోమీటర్లు పోతే వాగుగడ్డ అనే చిన్న ఊరు వస్తుంది. ఆమె పుట్టిల్లు అది. అక్కడ రేకుల కప్పుతో ఒక బాప్టిస్టు మందిరం ఉంది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె ఆదివారం తప్పకుండా ఆటోలో అక్కడికే వెళ్తుంది. వెంట వెళ్లీ వెళ్లీ నేనూ ఆ సంఘంలోనే చేరాను.

వాగుగడ్డలో చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిసినవాళ్లు తమంతట తాము అడిగితే, మందిరం వెనక వాగులో నిలువునా ముంచి లేపుతారు. లేచేటప్పుడు కాళ్ల కింద చేతికందిన రాయి ఒకటి తీసుకుని గట్టెక్కాలి. గట్టు మీద కూర్చున్న సంఘ కార్యదర్శి రిజిస్టరులో పేరు రాసి నంబరు ఇస్తాడు. ఆ నంబరును రాయి మీద చెక్కిస్తారు. రాయి ఇంట్లోనే ఉంటుంది. మనిషి పోయినప్పుడు ఆ రాయే తలకాడ నిలబెడతారు. సమాధుల తోటలో అందరూ ఆ నంబర్ల వరుసలోనే పడుకుంటారు. నూట యాభై ఎనిమిది పక్కన నూట యాభై తొమ్మిది. మొగుడా, పెళ్లామా, అన్నదమ్ములా అని చూడరు. నాది నూట యాభై ఎనిమిది. ఆ రాయి గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాను.

ఈ డిసెంబరుకు మందిరానికి నూరేళ్లు నిండుతాయి. కరెంటు ఆఫీసులో రిటైరైన ఇంద్రకరణ్ గారు ఇప్పుడు సంఘ కార్యదర్శి. జనవరిలో ఒకరోజు ఆయన పాత రిజిస్టర్లు మూడు గుడ్డసంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"నువ్వు బీఏ హిస్టరీ చదివినవ్ గద సుమనా," అన్నారు. "మన మందిరం చరిత్ర ఓ ఇరవై పేజీలు రాయాలె. దస్తూరి గూడ నీదే బాగుంటది."

"బీఏ చదివి ఇరవై ఏండ్లాయె," అంది లోపలినుంచి అత్తమ్మ. "దస్తూరి మాత్రం మంచిదే. పాలోడి చిట్టీ గూడ పెండ్లి శుభలేఖ లెక్క రాస్తది."

నేను పని మొదలుపెట్టాను. రిజిస్టరులో మొదటి పుట నూరేళ్ల కిందటి సిరాతో గోధుమరంగుకు తిరిగింది. పుటలు తిప్పుకుంటూ పోతే ఎల్లం, యాదవ్వ, శివమ్మ, ఇవన్నీ బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పేర్లే. పేరు మార్చుకొమ్మని మొదటి అయ్యగారు, అంటే పాస్టరు గానీ, తర్వాత వచ్చినవారు గానీ ఎవరినీ అడగలేదు. ఆరో పుటలో వరుస నియమం ఉంది. దాని వెనక కథ కూడా ఆ మొదటి అయ్యగారే రాసిపెట్టారు.

మందిరం కట్టిన అయిదో ఏడు ఊళ్లో కలరా వచ్చింది. ఒకే రోజు ఇద్దరు పోయారు, పై వాడ నుంచి ఒకరు, కింది వాడ నుంచి ఒకరు. రెండు వాడల వాళ్లూ ఒకే మందిరంలో పక్కపక్కన కూర్చునేవారు గానీ మట్టిలో పక్కపక్కన పడుకోవడానికి ఒప్పుకోలేదు. రెండు రోజులు శవాలు చాపల్లోనే ఉన్నాయి. మూడో రోజు అయ్యగారు పార పట్టుకుని తానే రెండు గోతులు పక్కపక్కనే తవ్వారు, ఒక్కోదానికి నాలుగడుగుల జాగాలో. ఆ తర్వాత రిజిస్టరులో ఇలా రాశారు: "నీళ్లలో దిగిన వరుసలోనే మట్టిలో దిగవలెను. ఇల్లు, వాడ, కులము అడుగరాదు." కింద ఇరవై నాలుగు వేలిముద్రలు.

నేను ఆ పుటను చాలాసేపు మూయలేదు. నంబర్ల వరుసను అప్పటిదాకా ఏదో పాత చాదస్తం అనుకున్నాను.

ఫిబ్రవరిలో వాగుగడ్డ వెళ్లి ముసలివాళ్లను ఒక్కొక్కరినే కలవడం మొదలుపెట్టాను. రిజిస్టరు ప్రకారం, పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో క్రిస్మస్ ముందరి ఆదివారం పదకొండు మంది వాగులో దిగారు. నంబర్లు అరవై ఒకటి నుంచి డెబ్బై ఒకటి దాకా. వాళ్లలో ఇంకా ఉన్నది ఇద్దరే. ఒకరు మా అత్తమ్మ. రెండోవారు దానమ్మ.

దానమ్మ మా అత్తమ్మకు ఊరి వరసలో వదినె. గుండె బలహీనంగా ఉందని దవాఖానలో చెప్పారు. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కూతురు భాగ్య ఆ గిన్నె లాక్కోబోతే ఇవ్వలేదు.

"రా బిడ్డా, కూసో. మీ అత్త రాలేదా?"

"మోకాళ్లు నొస్తున్నాయట."

"నొస్తయ్. నా మొగని పక్కన పండుకునేటందుకు జాగ పట్టుకున్నది గద, గా పాపానికే నొస్తయ్."

ఇద్దరి మధ్యా ఇది ఎప్పటినుంచో ఉన్న పరాచికం. దానమ్మ భర్త ఎల్లం గారు అరవై ఒకటి. ఆయన పక్కన అరవై రెండు, మా అత్తమ్మ. దానమ్మ డెబ్బై ఒకటి, ఆ రోజు దిగినవాళ్లలో ఆఖరు. ఎల్లం గారు పోయి ఆరేళ్లవుతోంది. ఏ పండుగకు కలిసినా దానమ్మ "మా ఆయనను మంచిగ చూసుకో" అనేది, అత్తమ్మ "గురక పెడితే నీ కాడికి తోలుత" అనేది. నేనూ నవ్వేదాన్ని.

ఆ రోజు నోటుబుక్కు తీసి, ఆ బాప్తిస్మం రోజు గురించి చెప్పమన్నాను.

"ఆయన ఎనకనే నేను దిగాల్సింది. దిగిన గూడ. చీలమండల దాక నీళ్లు వచ్చినయ్. అప్పుడే పెండ్లయి నాలుగు నెలలు. కాళ్లకు మెట్టెలున్నయ్. మెట్టెలతోని దేవుని కాడికి పోతరా అని ఎవరో అన్నరు. అందరు నా కాళ్ల దిక్కు చూసిండ్రు. సిగ్గయి గట్టెక్కిన. అవి గుంజితే రావు. చలికి వేళ్లు ఉబ్బినయ్. ఉమ్మి పెట్టి, ఇసుక పెట్టి, గుంజంగ గుంజంగ వచ్చేసరికి అందరు దిగి లేసిండ్రు. ఆఖరుకు నేను."

"ఎవరన్నారు?"

చిక్కుడుకాయ ఈనె సన్నగా, చివరిదాకా తెగకుండా లాగింది. "ఎవరో. గప్పటి ముచ్చట. యాదికి లేదు."

తర్వాత గొంతు తగ్గించింది. "నీకొకటి చెప్త బిడ్డా. రాస్తవో రాయవో నీ ఇష్టం. మొన్న ఇంద్రకరణ్ సార్‌ను, అయ్యగారిని అడిగిన. మా ఆయన పక్కన జాగ ఇయ్యుండ్రి అని. కుదరదన్నరు. అరవై ఒకటికి డెబ్బై ఒకటికి ఎంత దూరమున్నదో తెలుసా?"

తెలుసు. ముందురోజే తోటంతా టేపుతో కొలిచి పటం గీశాను. ఒక్కో సమాధికి నాలుగడుగులు. ఎల్లం గారి నుంచి ఆమె స్థలానికి నలభై అడుగులు.

"దూరమేం కాదు," అంది దానమ్మ తనే. "ఇంట్ల గూడ ఆయన అరుగు మీద, నేను పొయ్యికాడ. గని ఆయనకు చెవుడు బిడ్డా. ఎడమ చెవి అసలే లేదు. కుడి పక్కకు కూసొని చెప్తేనే వినపడేది. నలభై ఏండ్లు కుడి పక్కనే కూసున్న. గంత దూరంకెల్లి పిలిస్తే ఆయనేం వింటడు?"

అరవై రెండు ఎల్లం గారికి కుడి పక్క. అది కూడా నా పటంలో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇంద్రకరణ్ గారింట్లో ఆగాను. ఆయన కఠినమైన మనిషి కాదు. "నాకు పానం కొట్టుకోదా సుమనా," అన్నారు. "గని ఇయ్యాల ఒక్కరిని జరిపితే రేపు పదిమంది వస్తరు. మా తాతకాడ మమ్ముల పెట్టు, మా వాళ్ల దిక్కు మమ్ముల పెట్టు. పదేండ్లు తిరిగేసరికి గా తోటల మళ్ల రెండు వాడలైతయ్. ఆరో పేజీ నువ్వే చదివినవ్ గద."

చదివాను.

ఇంటికి వచ్చి అత్తమ్మకు అన్నం పెడుతూ దానమ్మ అడిగిన సంగతి చెప్పాను. నలభై అడుగులు, కుడి చెవి, మెట్టెలు, అన్నీ. ఆమె కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

"మెట్టెల మాట ఎవరన్నరో చెప్పిందా?"

"యాదికి లేదంది."

అత్తమ్మ కంచంలో నీళ్లు పోసి లేచింది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఆమె పెరుగు గిన్నె ముందు నిలబడి రాయిని చేతిలోకి తీసుకుంది, చూసింది, మళ్లీ మూత మీద పెట్టింది.

నాలుగో రోజు నేను పటానికి సిరా దిద్దుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. చదువు రాకపోయినా అంకెలు గుర్తుపడుతుంది. మూడో వరుస మీద వేలు పెట్టింది.

"గిది నేను. గిది ఎవరు?"

"అరవై మూడు. మీ అవ్వ."

"మా అవ్వకు నీళ్లంటే భయం. పుట్టి బుద్ధెరిగినంక వాగు దాటలే. ఆ దినం నా కొంగు పట్టుకొని దిగింది. కండ్లు మూసుకున్నది, ఎవరేమంటున్నరో గూడ చెవికెక్కలే. లేసినంక గూడ కొంగు ఇడువలే. అయ్యగారే ఇడిపించిండు." వేలు అక్కడే ఉంచింది. "మా నాయన చిన్నప్పుడే పోయె. పుట్టింటోళ్లు నాకు పెట్టిందేముందని మీ మామ ఎక్కిరిస్తుండె. నా జాగ ఉన్నదని అంటుంటి. మా అవ్వ పక్కకు, నా జాగ."

పటంలో అరవై ఒకటికీ అరవై మూడుకీ మధ్య ఖాళీ నాలుగడుగులే. ఇద్దరికి సరిపోదు. నేను రెండుసార్లు కొలిచాను కూడా.

"మిమ్మల్నెవరూ జరగమనలేదు అత్తమ్మా," అన్నాను.

"అవును," అంది. "ఎవరు అనలే. గదే."

ఆ ఆదివారం పొద్దున పెరుగు తోడు చూద్దామని వెళ్తే మూత మీద ఇత్తడి గ్లాసు బోర్లించి ఉంది. అత్తమ్మ అప్పటికే చీర కట్టుకుని, బైబిలు సంచీ ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. సంచీ ఒకవైపు బరువుగా వేలాడుతోంది.

వాగుగడ్డలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెబుతారు. ఎవరైనా లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పొచ్చు. బర్రె ఈనింది, బోరులో నీళ్లు పడ్డాయి, మనవడు పాసయ్యాడు. కొందరు ప్రతి వారం లేస్తారు. అత్తమ్మ నాకు తెలిసి ఒక్కసారి కూడా లేవలేదు. "నా ముచ్చట దేవునికి ఎరుకే, మీకెందుకు" అనేది.

ఆ రోజు పాస్టరు బెంజమిన్ గారు "ఇంకెవరన్న ఉన్నరా?" అనగానే అత్తమ్మ లేచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెల్లగా. దానమ్మ వాకిలి దగ్గర గాలి తగిలేలా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. భాగ్య పక్కన నిలబడి విసురుతోంది.

"నాది సాక్ష్యం గాదు అయ్యగారు," అంది అత్తమ్మ. "తప్పు."

సంచీలోంచి రాయి తీసి ముందున్న బల్ల మీద పెట్టింది.

"మేము వాగుల దిగిన దినం ఎల్లమన్న ముందు దిగిండు. ఆయన ఎనక దానమ్మ వదినె దిగింది. నేను గట్టు మీద ఉన్న. ఆమె కాళ్లకు కొత్త మెట్టెలు, నీళ్లల్ల మెరుస్తున్నయ్. నాకు పద్దెనిమిదేండ్లు. మా ఇంట్ల ఇత్తడి ఉంగరం గూడ లేకుండె. నా కండ్లు మండినయ్. మెట్టెలతోని దేవుని కాడికి పోతరా వదినె అని అన్న. మెల్లగ గాదు, అందరు వినేటట్టు అన్న. ఆమె సిగ్గుపడి గట్టెక్కింది. నేను పోయి ఆమె జాగల దిగిన. మెట్టెలు తియ్యుమని అప్పటి అయ్యగారు ఎన్నడు చెప్పలే. ఆయన చూడనే లేదు. నేనే చెప్పిన." రాయి మీద చెయ్యి వేసింది. "యాభై ఒక్క ఏండ్లు గీ రాయి మా ఇంట్ల పెరుగు మీద కూసున్నది. గిది ఆమె చేతికి రావాల్సిన రాయి."

వాకిలి దగ్గర నుంచి దానమ్మ గొంతు వినిపించింది, ఆయాసపడుతూ.

"గట్లేం కాలే అయ్యగారు. చలికి నేనే ఎనకకొచ్చిన. గామెకు ముసలితనంల మతి తప్పింది."

"మందిరంల కూసొని అబద్ధమాడుతున్నది సూడుండ్రి," అంది అత్తమ్మ.

"నువ్వు కూసో శివమ్మా, మోకాళ్లు నొస్తయ్."

"నొస్తే నొయ్యనీ. నువ్వు నిజం చెప్పు."

వెనక వరుసల్లో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. బెంజమిన్ గారు కూడా తల వంచుకున్నారు. ఆయన నాకంటే చిన్నవాడు. నేను రాసిన చరిత్ర ప్రతి పుటా ఆయనే చదివి ఇస్తున్నారు, దానమ్మ చెప్పిన పుటతో సహా.

"దానమ్మా," అన్నారు మెల్లగా. "చలికి ఎనకకొస్తే, పొద్దెక్కేదాక కూసొని మెట్టెలు ఎందుకు గుంజుకున్నవ్?"

దానమ్మ ఒళ్లోని చేతుల వైపు చూసుకుంది. ఎవరినో కోప్పడుతున్నట్టు అంది: "పద్దెనిమిదేండ్ల పిల్ల అయ్యగారు. తండ్రి లేని పిల్ల. గా వయసుల నోరు జారి ఒక మాటంటే దాన్ని జన్మంతా మోపుతరా ఎవరన్న?"

ఇంద్రకరణ్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే అన్నదన్నట్టే గద," అన్నారు.

అప్పుడు అర్థమైంది దానమ్మకు, తానే ఒప్పుకున్నానని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంద్రకరణ్ గారు రిజిస్టరు తెరిచారు. ఆరో పుట పైకి చదివారు. నీళ్లలో దిగిన వరుసలోనే అని. ముందు దిగింది దానమ్మ అయితే ముందున్న జాగా దానమ్మదే, ఇది వరుస మార్చడం కాదు, రాతలో పడ్డ తప్పు సరిచేయడం అన్నారు. ఇంతలోనే మళ్లీ నుదురు ముడిచారు. "గని దానమ్మ అరవై రెండైతే శివమ్మ అరవై మూడు కావాలె. వాళ్లవ్వ అరవై నాలుగు. గట్ల అందరిని ఒక్కొక్క జాగ జరపాలె."

న్యాయంగా ఆయన చెప్పింది సరైన లెక్కే. నాకూ ముందు అదే తట్టింది.

"పండుకున్నోళ్లను లేపకుండ్రి," అంది అత్తమ్మ. "ఖాళీగ ఉన్నది డెబ్బై ఒకటి. నాకు గది సాలు."

"పక్కన డెబ్బై ఎవరో యాదున్నదా శివమ్మా?" అన్నారు ముందు వరుసలోంచి ఒకరు.

డెబ్బై యాదవ్వ. సంఘమంతా పాట ముగించి కూర్చున్నాక ఆమె ఒక్కతే నిలబడి ఇంకో చరణం ఎత్తుకునేదట. అత్తమ్మ ఒకసారి కొంగు పట్టి కూర్చోబెట్టిందనీ, ఆ తర్వాత పదకొండేళ్లు ఇద్దరికీ మాటల్లేవనీ వాగుగడ్డలో అందరికీ తెలుసు.

"యాదున్నది," అంది అత్తమ్మ. "నేను చేసినదానికి గంత మాత్రం ఉండాలె."

అప్పుడు నవ్వు ఎవరూ ఆపుకోలేదు. బెంజమిన్ గారు చేతులెత్తమన్నారు. ఎత్తనిది దానమ్మ ఒక్కతే.

రిజిస్టరులో దిద్దే పని నాకే ఇచ్చారు. పాత పేర్ల మీద తెల్లరంగు పూయొద్దని చెప్పాను. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన పేరు, తేదీ రాసి, కింద ఇద్దరి వేలిముద్రలు తీసుకున్నాను. డెబ్బై ఒకటి ఎదురుగా "మాతమ్మ గారి కుమార్తె శివమ్మ, తన కోరిక మీద" అని రాశాను. పక్క పక్కన పడుకోకపోయినా తల్లి పేరు అక్కడ ఉండాలనిపించింది. చరిత్ర పుస్తకంలో మెట్టెల సంగతి రాయొద్దని దానమ్మ నా దగ్గర మాట తీసుకుంది. పదకొండు మంది దిగారని మాత్రమే రాశాను.

వారం తర్వాత భాగ్య డెబ్బై ఒకటో రాయి మా ఇంటికి తెచ్చింది. చీరల షాపు కవర్లో చుట్టి, జాగ్రత్తగా. వాళ్లింట్లో అది బియ్యం డబ్బా పక్కకు జరగకుండా ఆనించే రాయట. గుండ్రంగా, కోడిగుడ్డులా ఉంది. పెరుగు గిన్నె మీద పెడితే నిలవలేదు. రెండుసార్లు దొర్లి కింద పడింది. మూడోసారి అత్తమ్మ పాత కాటన్ చీర పేలిక చుట్టి చుట్టకుదురు చేసి, దాని మీద కూర్చోబెట్టింది.

"ఇగ కదలకు," అంది రాయితో.

ఈస్టరుకు ముందు శనివారం వాగుగడ్డ వాళ్లు సమాధులకు సున్నం వేస్తారు. మధ్యాహ్నం అత్తమ్మా నేనూ బకెట్లు, కుంచెలు తీసుకుని ఆటోలో వెళ్లాం. దానమ్మను భాగ్య అప్పటికే తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. కుర్చీ ఎక్కడ వేయాలో దానమ్మే చూపించిందట: అరవై ఒకటికీ అరవై మూడుకీ మధ్య. నాలుగడుగుల్లో కుర్చీ సరిగ్గా పట్టింది. ఎల్లం గారికి కుడిపక్కన, ఆయన రాయి వైపు తిరిగి కూర్చుని ఏదో చెబుతోంది. మమ్మల్ని చూసి ఆపేసింది.

అత్తమ్మ ముందుగా వరుస చివరికి వెళ్లి యాదవ్వ సమాధికి సున్నం వేసింది. ఇన్నేళ్లలో ఆ పని చేయడం నేను చూడలేదు. "ఇగ అలవాటు చేసుకోవాలె గద," అంది నేను చూస్తుంటే. పక్కనున్న ఖాళీ స్థలంలో గడ్డి పీకింది. అక్కడి నుంచి అరవై మూడు వైపు చూసి, కళ్లతోనే దూరం కొలుచుకున్నట్టు కాసేపు నిలబడింది. ముప్పై రెండు అడుగులు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

ఆఖరుకు తల్లి సమాధి దగ్గరికి వచ్చి కూర్చుంది. కుంచె పక్కన పెట్టి చేత్తోనే పూయడం మొదలుపెట్టింది.

దానమ్మ కుర్చీలోంచి చూస్తోంది. "శివమ్మా, మీ అవ్వకు ఏమన్న చెప్పాల్నా? నేనే ముందుగాల పోత గద."

"తొందరేమున్నది. ఉండు."

"పోయేటప్పుడు అడిగితే నీకు యాదికి రాదు. ఇప్పుడే చెప్పు."

అత్తమ్మ ఇంకో దోసెడు సున్నం తీసుకుంది. రాయి చుట్టూ, అంకెలు మూసుకుపోకుండా, వేలితో మెల్లగా అద్దింది.

"ఆమెకు నీళ్లంటే భయం," అంది. "వానకాలం వాగు మోత ఇక్కడిదాక వినపడుతది. అప్పుడు జర కొంగు అందియ్యి."

"అందిస్త."

"ఇగ..." అత్తమ్మ తలెత్తలేదు. "మెట్టెల ముచ్చట చెప్పకు."

దానమ్మ వంగి, ఆయాసంగా, చేయి చాపింది. అత్తమ్మ తల మీద పడ్డ సున్నపు చుక్కను బొటనవేలితో తుడిచింది.

"చెప్ప," అంది. "నువ్వు జర ఇటు జరుగు. గా సున్నం నా చీర మీద పడుతున్నది."